‘నాట్’కు అటూ ఇటూ

(మాస్టారి స్మారకార్థం ఆయన పూర్వ విద్యార్థులు ఖాజాగూడలో ఏర్పాటు చేసిన సభలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



మాస్టారి కుటుంబసభ్యులకు, ఆయన దగ్గర చదువుకుని ఇవాళ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం ఆఫీసుల్లో పనిచేస్తున్న ఆయన శిష్యులకు, సెలవురోజు సాయంత్రం సినిమా మానుకుని వ్యాకరణం వినడానికి వచ్చిన మిగతా పెద్దలకు నా కృతజ్ఞతలు.

మాస్టారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పారు. ఆయన దిద్దే పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరైనా తప్పు రాస్తే ఎర్రసిరా పెట్టేవారు కారు. “నువ్వు రాసింది తెలుగులో చెప్పరా” అనేవారు. చెప్పడం మొదలుపెట్టాక సగం మందికి తామేం రాశారో తెలిసొచ్చేది. మిగతా సగం మందికి, తాము తెలుగులో అన్నదానికే రెండర్థాలున్నాయని తెలిసొచ్చేది. ఆ రెండో సంగతి గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. ఇంగ్లీషులో ‘నాట్’ అనే చిన్న మాట, దాని పక్కన చేరే క్రియావిశేషణాలు, ఈ రెండూ క్రియతో ఎలా కలుస్తాయి, మన తెలుగువాళ్ళ నోట ఆ కలయిక ఎక్కడ తేడా కొడుతుంది అన్నది నా విషయం.

ఖాజాగూడ చౌరస్తాలో టీకొట్టు దగ్గర కాసేపు నిలబడండి. ఒక వాక్యం చెవిన పడి తీరుతుంది: “ఐ ఎగ్జాక్ట్లీ డోంట్ నో.” సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఎప్పుడని ఫోనులో ఎవరో అడిగితే మన కుర్రాడు చెప్పే జవాబు అది. అతని మనసులో ఉన్నది “సరిగ్గా తెలియదు” అని. అంటే సంగతి కొంత తెలుసు, తేదీ మాత్రం తెలియదు. ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్ళు దీన్నే “ఐ డోంట్ ఎగ్జాక్ట్లీ నో” అనో, “ఐ డోంట్ నో ఎగ్జాక్ట్లీ” అనో అంటారు. మాటలన్నీ అవే, ఒక్క మాట జరిగి కూర్చుంది. అమీర్‌పేటలో దొరికే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ఎడమవైపు తప్పుగా, కుడివైపు ఒప్పుగా పట్టిక వేసి చూపించి ముందుకు పోతాయి. ఇది తెలుగువాడి నోట ఎందుకొస్తుందో చెప్పే పుస్తకం నా కంటపడలేదు. కారణం మన క్రియలో ఉంది.

తెలుగులో వ్యతిరేకం చెప్పడానికి మనకు విడిగా మాట అక్కర్లేదు. “వస్తాను” అన్న దానికి వ్యతిరేకం “రాను”. గమనించండి, అవునన్న మాటకన్నా కాదన్న మాటే పొట్టిది. రాను, రావు, రాడు, రాదు, రాము, రారు. ధాతువుకు నేరుగా పురుష ప్రత్యయం తగిలిస్తే చాలు, అది వ్యతిరేకమైపోతుంది. కాలాన్ని చెప్పే ముక్క మధ్యలో ఉండదు. ద్రావిడ భాషల్లో పాతకాలం నుంచి ఉన్న అమరిక ఇది. ఇక భూతకాలానికొస్తే “రాలేదు” ఒక్కటే అందరికీ సరిపోతుంది. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు. ఇందులోని “లేదు” కూడా క్రియే, “ఉండు”కు వ్యతిరేక రూపం. “కాదు” కూడా అంతే, “అవు” అనే క్రియకు వ్యతిరేకం. ఈ వ్యవస్థను ఇంగ్లీషులో పద్ధతిగా వివరించిన పుస్తకం భద్రిరాజు కృష్ణమూర్తి గారు జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం. ఆ మరుసటి ఏడాదే ఆయన ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. 1993 దాకా ఉన్నారు. ఈ ప్రాంతంలో అప్పటికి సైబర్ టవర్స్ లేదు, రాళ్ళగుట్టలే.

ఇంగ్లీషు కథ వేరు. అక్కడ ‘నాట్’ను వ్యాకరణాలు క్రియావిశేషణాల గుంపులో వేస్తాయి. దాని పుట్టుక కూడా అలాంటిదే. పాత ఇంగ్లీషులో క్రియకు ముందు ‘నె’ అనే చిన్న ముక్క పెట్టి వ్యతిరేకం చెప్పేవారు. ఆ ముక్క వినీవినబడనట్టు బలహీనపడిపోయింది. బలం కోసం క్రియ తర్వాత “ఏమీ” అనే అర్థమిచ్చే ‘నాట్’ను చేర్చారు. కొన్నాళ్ళకు ‘నె’ రాలిపోయి, ఊతగా వచ్చిన ‘నాట్’ అసలు కాపురం పెట్టింది. ఆ తర్వాత ‘డూ’ వచ్చి దానికి ముందు నిలబడింది. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1917లో రాసిన పుస్తకంలో ఈ వలయాన్ని చూపించాడు. ఇంగ్లీషులోనే కాదు, ఫ్రెంచిలోనూ ఇలాగే జరిగిందన్నాడు. అందుకే భాషాశాస్త్రంలో దాన్ని యెస్పర్సన్ వలయం అంటున్నారు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే మన కుర్రాడి వాక్యం విడిపోతుంది. తెలుగులో వ్యతిరేకం క్రియ తోకలో ఉంటుంది. వాక్యం చివర క్రియ, క్రియ చివర వ్యతిరేకం. కాబట్టి క్రియావిశేషణం ఏదైనా సరే దానికి ముందే రావాలి. సరిగ్గా తెలియదు, పూర్తిగా చూడలేదు, త్వరగా రాడు. మరో చోటు లేదు. ఇంగ్లీషులో ‘నాట్’ కూడా వరసలో నిలబడ్డ ఒక క్రియావిశేషణం. ఇంకో క్రియావిశేషణం దానికి ఇవతలైనా నిలబడొచ్చు, అవతలైనా నిలబడొచ్చు. ఎటు నిలబడితే అటు అర్థం. మనవాడు “తెలియదు” మొత్తాన్ని ఒకే ముద్దగా “డోంట్ నో” అని తర్జుమా చేసుకున్నాడు. తెలుగులో దానికి ముందు “సరిగ్గా” ఉంది కదా, ఇంగ్లీషులోనూ ముందే పెట్టాడు. ఆఫీసులో రోజంతా “ఎగ్జాక్ట్‌గా తెలీదు” అని అనేవాడికి “ఎగ్జాక్ట్లీ డోంట్ నో” రావడంలో వింతేముంది?

ఇక్కడ తేడా చిన్నది, వినేవాడు సర్దుకుంటాడు. సర్దుకోలేని చోటు చూద్దాం.

రాత్రి షిఫ్టులో కంప్యూటరు మీద నడుస్తున్న ఒక జాబ్ ఆగిపోయిందనుకోండి. పొద్దున్నే అమెరికా నుంచి మెయిల్: ఎవరు ఆపారు? మన ఇంజినీరు పొరపాటున ఏదో నొక్కాడు, అది ఆగింది. అతను చెప్పదలచుకున్నది “నేను కావాలని ఆపలేదు” అని. అలవాటు ప్రకారం ముందే పెట్టి రాశాడు: “ఐ డెలిబరేట్లీ డిడ్ నాట్ స్టాప్ ద జాబ్.” అవతలివాడు చదివేదేమిటంటే, “ఆ జాబ్‌ను ఆపకుండా ఉంచింది నేనే, తెలిసే ఉంచాను” అని. రాయాల్సింది “ఐ డిడ్ నాట్ డెలిబరేట్లీ స్టాప్ ద జాబ్.” మొదటి వాక్యం ప్రకారం జాబ్ నడుస్తూనే ఉంది. రెండోదాని ప్రకారం జాబ్ ఆగింది. జరిగిన సంగతే తలకిందులైంది, ఒక్క మాట ‘నాట్’కు ఇవతల పడ్డందుకు.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న వేద్దాం. తెలుగులో చెప్పరా. “కావాలని ఆపలేదు.” దీనికి మనలో ఎక్కువమందికి తోచే అర్థం “ఆపాను గానీ కావాలని కాదు” అని. అయినా రెండో అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. బస్సు డ్రైవరు గురించి “చెయ్యెత్తాం, చూశాడు, కావాలని ఆపలేదు” అంటే బస్సు ఆగనేలేదు, వాడు తెలిసే వెళ్ళిపోయాడు. వాక్యం అదే. ముందూ వెనకా మాటలు, గొంతు చెప్పిన తీరు అర్థాన్ని తేల్చాయి. ఇంకా స్పష్టంగా కావాలంటే మనకు రెండు సాధనాలున్నాయి. “కావాలనే ఆపలేదు” అని ఏకారం పెడితే బస్సు ఆగలేదు. “కావాలని ఆపింది కాదు” అని క్రియను విడదీసి “కాదు” తగిలిస్తే జాబ్ ఆగింది, నేరం లేదు. ఇంగ్లీషు చోటు మార్చి చేసే పనిని తెలుగు ఒక ఏకారంతోనో, లేదును కాదుగా మార్చో చేస్తుంది. రెండు భాషలకూ సరంజామా ఉంది. అయితే ఎవరి సరంజామా వారిది. మన ఏకారం ఇంగ్లీషులోకి రాదు, వాళ్ళ చోటు మార్పిడి మనకు అలవాటు లేదు.

ఈ ఏకారం ఇంగ్లీషులోకి రాదన్నాను. హైదరాబాదు ఒప్పుకోదు. హైదరాబాదులో అది ‘ఓన్లీ’ వేషం వేసుకుని తిరుగుతోంది. “నీకే చెప్పాను” అన్నదాన్ని “ఐ టోల్డ్ యు ఓన్లీ” అంటాం. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదని దాని అర్థం కాదు, చెప్పింది నీకేనని నొక్కడం. ఇది తెలుగువాళ్ళ ఒక్కరి సొత్తు కూడా కాదు. ఖాజాగూడ గుట్ట మీద బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది, అదే గుట్టల్లో అనంతపద్మనాభస్వామి గుహాలయమూ ఉంది. గుట్టకింద రెండు భాషలు పక్కపక్కనే బతికాయి. దక్ఖనీ మాట్లాడేవాళ్ళు “తుమ్‌కుచ్ బోలా” అంటారు. ఆ ‘చ్’, కొన్నిచోట్ల ‘ఇచ్’, మరాఠీ నుంచి దక్ఖనీకి వచ్చిన నొక్కు ప్రత్యయం. వద్దనడానికి వాడే “నక్కో” కూడా మరాఠీ “నకో” నుంచి వచ్చిందే. ఇలా తెలుగు ఏకారం, దక్ఖనీ ఇచ్, ఇంగ్లీషు ఓన్లీ మూడూ ఈ ఊళ్ళో ఒకే ఉద్యోగం చేస్తున్నాయి, మూడూ తాము నొక్కే మాట వెనకే నిలబడతాయి. లండన్లో ఓన్లీ ఎక్కువగా ముందు నిలబడి “మాత్రమే” అనే పని చేస్తుంది. నన్నడిగితే ఈ ఓన్లీని తప్పుల పట్టికలో వేసినవాళ్ళు తొందరపడ్డారు. బెంగళూరులో, చెన్నైలో, హైదరాబాదులో లక్షలమంది ఒకే నియమంతో వాడే మాటను తప్పనడం కష్టం. దానికొక నియమం ఉంది, అది నేర్చుకున్నవాడికి ఎక్కడా తడబాటు ఉండదు.

ఒక్క చోట మాత్రం నేను కూడా ఎర్రసిరా తీస్తాను. “నేను చూడనే లేదు” అంటాం. ఎంత చక్కని కూర్పో చూడండి. చూడ అనే క్రియకూ, లేదు అనే వ్యతిరేకానికీ నడుమ ఏకారం దూరింది. తెలియనే తెలియదు, రానే రాడు, అడగనే లేదు. క్రియ తోకలో ఇరికి ఉన్న వ్యతిరేకాన్ని విడదీసి మధ్యలో నిలబడగల సత్తా తెలుగులో ఈ ఏకారానికి ఉంది. మనవాళ్ళు దీన్ని “ఐ డిడ్ నాట్ సీ ఓన్లీ” అంటారు. విన్న విదేశీయుడు ఓన్లీ తర్వాత ఇంకేదో మాట వస్తుందని ఎదురుచూస్తాడు. చూడటమే కాకుండా ఇంకేం చేశాడో అని. రాదు. ఇక్కడ ఇంగ్లీషుకు కావలసింది ‘ఈవెన్’: “ఐ డిడ్ నాట్ ఈవెన్ సీ ఇట్.” అవునన్న వాక్యంలో మన ఏకారానికి ఓన్లీతో పని జరిగిపోతుంది, కాదన్న వాక్యంలో దాని జోడు ఈవెన్. ఇంత చిన్న సంగతి ఒక్కసారి చెబితే జన్మలో మరిచిపోరు. ఏ శిక్షణలోనూ చెప్పగా నేను వినలేదు.

టెస్టింగ్ చేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ఫ్లేకీ టెస్ట్ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు, ఒకసారి పాస్ అవుతుంది, ఇంకోసారి అవదు. దాని గురించి రాయాల్సింది “ఇట్ డజ్ నాట్ ఆల్వేస్ పాస్.” మన మెయిళ్ళలో కనిపించేది “ఇట్ ఆల్వేస్ డజ్ నాట్ పాస్.” రెండోది నిజమైతే ఆ టెస్టు ఎన్నడూ పాస్ కాదు, అది ఫ్లేకీ కానే కాదు, నికార్సైన ఫెయిల్యూర్. దీని వేరు కూడా తెలుగులోనే. “ఎప్పుడూ” అనే మాట అవునన్న క్రియతో “ఆల్వేస్” అవుతుంది, కాదన్న క్రియతో “నెవర్” అవుతుంది. ఎప్పుడూ వస్తాడు, ఎప్పుడూ రాడు. మాట ఒక్కటే, క్రియను బట్టి రంగు మారుస్తుంది. “ఎవరూ”, “ఏమీ”, “ఎక్కడా” మాత్రం చాలావరకు కాదన్న క్రియ పక్కనే కాపురం. కాబట్టి “ఎవరూ రాలేదు” అన్నప్పుడు వ్యతిరేకం క్రియలోనే ఉంది, “ఎవరూ”లో లేదు. ఇంగ్లీషు ‘నోబడీ’లో వ్యతిరేకం అప్పుడే కలిసిపోయి ఉంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు “నోబడీ డిడ్ నాట్ కమ్” అంటే వాళ్ళు తెలుగు వాక్యానికి నిజాయితీగా కట్టుబడ్డారన్నమాట.

“ఆల్ ద టెస్ట్స్ హ్యావ్ నాట్ పాస్డ్” అనే వాక్యం ఇంకా చిత్రం. ఇందులో తెలుగువాడి తప్పేం లేదు. ఇంగ్లీషువాళ్ళకే ఇది రెండు రకాలుగా వినబడుతుంది. అన్నీ పోయాయా, కొన్నే పోయాయా? “మెరిసేదంతా బంగారం కాదు” అనే సామెతకు ఇంగ్లీషులోనూ ఇదే అల్లిక. మెరిసేదేదీ బంగారం కాదని ఎవరూ అర్థం చేసుకోరు, ఎందుకంటే లోకం తెలుసు. టెస్టుల రిపోర్టు చదివేవాడికి ఆ లోకం తెలియదు. “నాట్ ఆల్ ద టెస్ట్స్ పాస్డ్” అనో, “నన్ ఆఫ్ ద టెస్ట్స్ పాస్డ్” అనో రాయండి. ప్రోగ్రామర్లకు ఇది కొత్త కాదు. బ్రాకెట్ బయట ఉన్న నాట్‌ను లోపలికి తీసుకెళితే అండ్ కాస్తా ఆర్ అవుతుందని చెప్పే డీ మోర్గాన్ సూత్రాలు ఇంజినీరింగు మొదటి ఏడాదే చదివారు. ఆ అగస్టస్ డీ మోర్గాన్ 1806లో మదురైలో పుట్టాడు. కోడ్‌లో నాట్ ఏ బ్రాకెట్‌కు ముందుందో వెయ్యికళ్ళతో చూసుకునే మనిషి, మెయిల్లో అదే నాట్‌ను గాలికి వదిలేయడం నాకు అర్థం కాని విషయం.

కొన్ని క్రియావిశేషణాలు వ్యతిరేకంతోనే పుట్టాయా అన్నట్టుంటాయి. “సుతరామూ” అనండి, ఎదుటివాడు “ఇష్టం లేదు” అని పూరిస్తాడు. “ససేమిరా” అనండి, “ఒప్పుకోడు” అంటాడు. విక్రమార్కుడి కథల్లో మతి పోయిన రాజకుమారుడు పలవరించే నాలుగక్షరాలవి, మొండిపట్టుకు పేరైపోయాయి. “బొత్తిగా” అంటే “తెలియదు”. ఇంగ్లీషులో ఇలాంటి జోడీలను సిడ్నీ గ్రీన్‌బామ్ అనే పండితుడు పరీక్ష పెట్టి చూశాడు. ఆ పరీక్షల మీద ఆయన పుస్తకం 1970లో వచ్చింది. “ఐ ఎంటైర్లీ” అని మొదలుపెట్టి మిగతాది పూర్తి చేయమంటే జనం ఎక్కువగా “అగ్రీ” రాశారు. “ఐ బ్యాడ్లీ” అంటే “నీడ్”, “వాంట్” లాంటివి రాశారు. ఏ క్రియావిశేషణం ఏ క్రియను కోరుకుంటుందో వాడుక ముందే తేల్చేసిందన్నమాట. దీనికి నియమం చెప్పలేం, వినీ వినీ పట్టుకోవాల్సిందే.

ఇందులో మన ఆఫీసులకు పనికొచ్చేది ‘రియల్లీ’. “ఐ రియల్లీ డోంట్ లైక్ దిస్ డిజైన్” అంటే మేనేజరుకు ఒళ్ళు మండుతోందని. “ఐ డోంట్ రియల్లీ లైక్ దిస్ డిజైన్” అంటే పెద్దగా నచ్చలేదని. అంటే మార్చమనే, కాకపోతే మర్యాదగా. “పెద్దగా”, “అంతగా” అనే మన మాటలు సరిగ్గా ఈ పనే చేస్తాయి. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి “అంతగా నచ్చలేదండీ” అంటే సంబంధం తప్పిపోయినట్టే. అర్థం చేసుకోని తెలుగువాడు లేడు. అదే మర్యాద ఇంగ్లీషులో వస్తే మనవాళ్ళు కొందరు “కొంచెం నచ్చిందట” అని డిజైన్ అలాగే ఉంచేస్తారు.

ఇప్పుడు చెవికి సంబంధించిన ఒక చిక్కు. తెలుగులో “అతను చేయలేదు” వేరు, “అతను చేయలేడు” వేరు. మొదటిది జరిగిన సంగతి, రెండోది శక్తి లేకపోవడం. అదే “ఆమె చేయలేదు” అనండి. చేయలేదా, చేయడం చేతకాదా? “ఈ సర్వర్ అంత లోడ్ తీసుకోలేదు.” నిన్న తీసుకోలేదా, ఎప్పటికీ తీసుకోలేదా? స్త్రీలకూ, వస్తువులకూ ఏకవచనంలో రెండు రూపాలూ కలిసిపోయాయి. తెలుగులోనే స్టేటస్ చెప్పుకునే టీముల్లో ఇది నిజంగానే ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లీషులో ‘డిడ్ నాట్’, ‘కెనాట్’ విడివిడిగా ఉన్నాయి కదా, హాయి అనుకుంటాం. ఫోనులో ఆ హాయి కూడా ఉండదు. అమెరికన్ నోట ‘కాంట్’ చివరి ‘ట్’ నాలుక దగ్గరే ఆగిపోతుంది, బయటికి వినబడదు. వాళ్ళు తేడా చూపించేది ఒత్తులో. చేయగలను అన్నప్పుడు ‘కన్’ అని తేలిగ్గా దాటేసి తర్వాతి క్రియ మీద బరువు వేస్తారు. చేయలేను అన్నప్పుడు ‘క్యాన్’ అని ఆ మాట మీదే బరువు. మనం చివర ‘ట్’ కోసం చెవి రిక్కించి, వినబడక, అవునన్నాడని రాసుకుంటాం. మనం మాట్లాడేటప్పుడు తిరగబడుతుంది. ‘క్యాన్’ను కూడా నిండుగా ఒత్తి పలుకుతాం, వాళ్ళకు అది ‘కాంట్’లా తోస్తుంది. భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్ళకు ఎంత అర్థమవుతుందో పరిశోధించి ఆర్.కె. బన్సల్ 1969లో గ్రంథం వెలువరించాడు. అది వచ్చింది ఈ హైదరాబాదులోని కేంద్ర ఆంగ్ల సంస్థ నుంచే. 1958లో మొదలై, 1972లో సీఫెల్‌గా మారి, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ అది. ఒత్తూ, లయా మనవాళ్ళు పట్టించుకోవాలని బన్సల్ అప్పుడే చెప్పాడు. ఆ సంస్థ ఉన్న ఊళ్ళోనే శిక్షణ పేరుతో ఇంకా విడి అక్షరాల ఉచ్చారణ దిద్దుతున్నాం. ఫోనులో సందేహం వస్తే ఒకటే మార్గం, “ఏబుల్ టు”, “నాట్ ఏబుల్ టు” అని విడమర్చి అడగడం.

మోడల్ క్రియల మాట క్లుప్తంగా చెబుతాను. “మస్ట్ నాట్” అంటే చేయకూడదు, “నీడ్ నాట్” అంటే చేయనక్కర్లేదు. రెండింటిలోనూ నాట్ ఒకేచోట కూర్చుంది గానీ ఒకదానిలో అది పనిని కాదంటుంది, ఇంకోదానిలో అవసరాన్ని కాదంటుంది. “మే నాట్” మరీ దొంగది. అనుమతి లేదనీ కావచ్చు, జరగకపోవచ్చనీ కావచ్చు. తెలుగులో చేయకూడదు, చేయనక్కర్లేదు, చేయకపోవచ్చు అని దేనికదే విడిగా ఉన్నాయి. రోడ్డు పక్కన బోర్డు మీద “చెత్త వేయరాదు” అని ఉంటే రెండో అర్థానికి తావే లేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళకు ఈ గొడవ తెలుసు. 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో ఏ మాటకు ఏ అర్థమో బిగించి పెట్టారు. మస్ట్ నాట్ ఉంది, షల్ నాట్ ఉంది, షుడ్ నాట్ ఉంది. మే ఉంది గానీ మే నాట్ ఆ పట్టికలో లేదు. మీ డాక్యుమెంట్లలోంచి కూడా దాన్ని తీసేస్తే ఎవరికీ నష్టం ఉండదు.

“హ్యావ్ యు నాట్ డిప్లాయ్డ్ ఇట్?” అంటే, చేయలేదని ఒప్పుకుంటూ “యెస్” అని మనం చెప్పే జవాబు గురించి అందరికీ తెలుసు, దాని మీద సమయం ఖర్చు చేయను. ఒక్క మాటే: యెస్, నో దగ్గర ఆగకుండా క్రియ కూడా పలికితే తగాదా ఉండదు.

ఇంకొకటి మాత్రం విడిచిపెట్టలేను, ఎందుకంటే ఉద్యోగాలతో ముడిపడింది. ఇంటర్వ్యూలో అడుగుతారు, పాత కంపెనీ ఎందుకు వదిలేశారని. “ఐ డిడ్ నాట్ లీవ్ బికాజ్ ఆఫ్ శాలరీ” అంటాడు అభ్యర్థి. జీతం చూసుకుని అక్కడే ఉండిపోయాడా, లేక వదిలేశాడు గానీ జీతం కారణం కాదా? ఉద్యోగం వదిలి వచ్చి కూర్చున్నాడు కాబట్టి రెండోదే అని ఇంటర్వ్యూ చేసేవాడు ఊహించుకోవాలి. తెలుగులో “జీతం కోసం వదల్లేదు” అన్నా ఇదే తికమక. తెలుగువాడు తెలివిగా ఏం చేస్తాడు? “వదిలింది జీతం కోసం కాదండీ” అంటాడు. క్రియను నామంగా మార్చి ముందుకు తెచ్చాడు, వ్యతిరేకాన్ని క్రియ నుంచి ఊడబెరికి కారణం మీద పెట్టాడు. ఇంగ్లీషులోనూ అచ్చం ఇలాంటి దారి ఉంది: “ఇట్ వజ్ నాట్ బికాజ్ ఆఫ్ శాలరీ దట్ ఐ లెఫ్ట్.” ఇంతసేపూ మన అలవాట్లు ఇంగ్లీషులో అడ్డం వచ్చిన సంగతులే చెప్పాను. ఇక్కడ మన అలవాటే దారి చూపిస్తుంది. “కావాలని ఆపింది కాదు” అనగలిగినవాడికి, “వదిలింది జీతం కోసం కాదు” అనగలిగినవాడికి, ఏది కాదంటున్నామన్న స్పృహ పుట్టుకతోనే ఉంది. ఆ స్పృహను ఇంగ్లీషు గదిలోకి రానివ్వకపోవడమే మన బోధనలో లోపం. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినబడితే జరిమానా వేసే బళ్ళు ఉన్న కాలంలో మాస్టారు తెలుగు వాక్యాన్నే పరికరం చేసుకున్నారు. ఆయన పద్ధతే సరైనదని నేను నమ్ముతున్నాను.

అలాగని ప్రతి తేడానూ దిద్దాలని నేను అనను. “ఐ ఆల్సో డిడ్ నాట్ గో” అంటే అన్నాడు. ‘ఐదర్’ అనలేదని ప్రపంచం మునిగిపోదు. ఓన్లీని వదిలేయండి. “ఎగ్జాక్ట్లీ డోంట్ నో”ను కూడా నవ్వకుండా వినండి. జాబ్ ఆగిందో లేదో, టెస్టు ఎప్పుడూ పోతుందో అప్పుడప్పుడు పోతుందో, పని వద్దన్నారో అక్కర్లేదన్నారో తేలని చోట మాత్రం పట్టుబట్టి దిద్దండి. యాసనూ అర్థాన్నీ ఒకే పట్టికలో కలిపి దిద్దడం వల్ల పిల్లలు రెండింటికీ భయపడుతున్నారు.

ఈ సభలో ఉన్న టీమ్ లీడ్లకు, శిక్షణ విభాగాల్లో ఉన్నవారికి ఒక విన్నపం. మీ దగ్గరికొచ్చే మెయిళ్ళలో, కాల్స్‌లో నాట్ దగ్గర అర్థం తప్పిన వాక్యాలు కనిపిస్తే రాసి పెట్టండి. మనుషుల పేర్లు, కంపెనీల పేర్లు తీసేయండి. పక్కనే ఆ మనిషి తెలుగులో ఏమనుకున్నాడో అడిగి అదీ రాయండి, ఆ తెలుగు వాక్యం లేకపోతే మిగతాది ఎందుకూ పనికిరాదు. మాస్టారి శిష్యుల్లో భాషా సాంకేతికత మీద పనిచేస్తున్నవారు కూడా ఉన్నారు, తెలుగు వ్యతిరేకం ఏ మాటను కాదంటుందో యంత్రానికి నేర్పడానికి వారికీ ఇలాంటి జంటలు కావాలి. వచ్చే ఏడాది ఇదే సభలో నాలాంటి వక్తను పిలవడం మాని, మీరు తెచ్చిన వాక్యాలు ఒక్కొక్కటిగా చదివి, అందరం కలిసి విడదీద్దాం.